అంకాలమ్మ మీద దురాయి

మా మేనత్త అంకాలమ్మ వేళ్లు ముందు తెల్లబడేవి, తర్వాత నీలమయ్యేవి, ఆ తర్వాత ఎర్రగా కందిపోయి మంట పుట్టేవి. ఐసు పెట్టెలో చెయ్యి పెట్టిన ప్రతిసారీ ఇదే వరస. మైపాడుకు దక్షిణాన ఉన్న మా పల్లెలో చేపలమ్మే ఆడవాళ్లందరూ ఐసుతోనే పనిచేస్తారు. అందరి చేతులూ ఎంతో కొంత చెడిపోయే ఉంటాయి. అందుకని వేళ్లు తెల్లబడటానికి మా వాళ్లు ఒక పేరు పెట్టుకున్నారు: ఐసు పట్టడం. ఐసు పట్టినవాళ్లు పొయ్యి దగ్గర కాసేపు చేతులు కాచుకుని మళ్లీ పనికి పోతారు. అత్త తొమ్మిదేళ్లు అలాగే కాచుకుంది. మిగతావాళ్లకు చలికాలంలో ఎప్పుడో ఒకసారి పట్టేది. అత్తకు ఎండాకాలంలో కుండలో నీళ్లు ముంచుకున్నా పట్టేది. ఆ తేడా ఎవరూ చూడలేదు. చూసిన నేను ఎవరికీ చెప్పలేదు.

తెల్లవారగానే పడవలు ఒడ్డుకు చేరతాయి. ఇసుక మీదే వేలం జరుగుతుంది. అత్త వేలంలో ఎక్కువ మాట్లాడేది కాదు. చేప కన్ను చూసి, బొటనవేలితో వీపు నొక్కి, ఒక్క మాట చెప్పేది. పాడుకున్న చేపలను ఐసులో సర్దుకుని ఆటోలో ఇందుకూరుపేట వైపు ఊళ్లకు పోయేది. ఆ ఊళ్లలో ఏ ఇంట్లో ఎవరున్నారో ఆమెకు తెలుసు. బాలింత ఉన్న ఇంటికి పాలసొర అడగకుండానే తీసి ఉంచేది. ముళ్లంటే భయపడే ముసలాయనకు వంజరం ముక్కలు పలచగా కోసేది. పద్నాలుగేళ్లు తిరిగి సంపాదించుకున్న ఊళ్లవి. పిల్లలు లేరు. మా మామ కామాక్షయ్య మరో ముగ్గురితో కలిసి పడవ మీద పోతాడు, ఆయన సంపాదన సముద్రాన్ని బట్టి ఉంటుంది. ఇల్లు నడిచేది అత్త గంప మీద.

నాలుగేళ్ల కిందట ఆమె వేళ్లు పొద్దున పూట ఉబ్బడం మొదలైంది. ఉంగరం రాకపోతే కంసాలి కత్తిరించి తీశాడు. తర్వాత ఆ వాపు తగ్గి, చర్మం వేళ్లకు అంటుకుపోయి, తళతళలాడుతూ బిగుసుకుంది. పిడికిలి మూసుకునేది కాదు. మొహం కూడా అలాగే నునుపెక్కింది. ముక్కు కొన తేలింది, నోరు చిన్నదయ్యింది.

“ఏందిమే అంకాలూ, ముడతలన్నీ యాడికి పోయినాయి? ఏం పూస్తుండావో మాక్కూడా చెప్పబ్బా,” అనేది ఆదిశేషమ్మ. ఆమె కూడా అదే ఆటోలో చేపలమ్మడానికి పోయే మనిషి. అత్త తిరిగే ఊళ్లకు పక్క ఊళ్లు ఆమెవి.

“చేప జిడ్డు పూస్తుండా. నువ్వు కడుక్కుంటావు, నేను కడుక్కోను,” అనేది అత్త.

ఆటోలో అందరూ నవ్వేవాళ్లు. అత్త కూడా నవ్వేది కానీ పెదాలు సాగేవి కావు. అది చూడని ఊళ్లవాళ్లు, అంకాలమ్మకు పొగరొచ్చింది, నవ్వడం మానేసింది అనుకున్నారు. అన్నం ముద్ద నోట్లో పట్టక ఆమె చిన్నపిల్లల్లా కొంచెం కొంచెంగా తినేది. మింగింది గొంతులో అడ్డం పడినట్టుండేది. కడుపులోంచి మంట పైకి తన్నుకొచ్చేది. గంప ఎత్తుకుని పది ఇళ్లు తిరిగేసరికి ఆయాసం వచ్చేది. నలభై నాలుగేళ్లకే ముసలైపోయిందని ఆమెనే అనేవాళ్లు.

పోయిన సంవత్సరం కార్తీకంలో, ఇందుకూరుపేట దగ్గర ఒక ఊళ్లో, చేపలు తూచి ఇస్తుంటే ఒకామె అత్త వేళ్ల వంక చూసి గిన్నె వెనక్కు లాక్కుంది. “ఇది కుష్టు మాదిరి ఉండాదే,” అంది. అంతే. వారం తిరిగేసరికి ఆ మాట ఆటో కంటే ముందు ఊళ్లకు పోయింది. ఆదిశేషమ్మను కూడా ఆపి, మీ పల్లెలో అందరికీ ఉందా అని అడిగారు. ఆమె గంప రెండు రోజులు నిండుగానే తిరిగొచ్చింది. మూడో రోజు ఆమె ఊరి పెద్ద మస్తానయ్య దగ్గరికి పోయింది.

మా పల్లెలో తగువులు తీర్చేది ఊరి కాపులు, అంటే పల్లె పెద్దలు. పోలీసుల దగ్గరికి ఎవరూ పోరు. కాపులు ఒక పని చేయకూడదని కట్టు పెడితే దాన్ని దురాయి అంటారు. దురాయి దాటిన మనిషిని పడవ ఎక్కించుకోరు, పెళ్లికి పిలవరు. మస్తానయ్య కాపుల్లో పెద్దవాడు. మంచివాడనే పేరుంది. తుఫాను షెల్టరు వరండాలో సాయంత్రం అందరినీ కూర్చోబెట్టాడు. ఆడవాళ్లం మెట్ల కింద నిలబడ్డాం.

“కుష్టు అయితే కాలినా తెలవదు,” అన్నాడు మస్తానయ్య. “మా నాయన కాలం నుంచీ ఇట్టనే చూస్తారు. చెయ్యి చాపుమే అంకాలూ. భయపడబాకు.”

అత్త కుడిచెయ్యి చాపింది. ఆయన కాలుస్తున్న బీడీని గట్టిగా ఒకసారి పీల్చి, ఎర్రటి కొనను ఆమె చూపుడువేలి కొనకు ఆనించాడు. అత్త కేక పెట్టి చెయ్యి లాక్కుంది.

“తెలిసింది గదబ్బా. కుష్టు కాదు,” అన్నాడు ఆయన. జనంలో ఊపిరి వదిలిన చప్పుడైంది.

“చూస్తానే ఉండాదిగా పెద్దాయనా. బీడీ చూసి ఎవురైనా అరుస్తారు,” అంది ఆదిశేషమ్మ. “కళ్లకు గుడ్డ కట్టి పెట్టండి.”

మామ కామాక్షయ్య వరండాలో రెండో వరసలో కూర్చుని ఉన్నాడు. తల ఎత్తలేదు. అత్త పైట కొంగుతోనే ఆమె కళ్లు కట్టారు. ఈసారి ఎప్పుడు పెడతారో తెలియక ఆమె చెయ్యి ముందే వణకసాగింది. మస్తానయ్య ఆ వణుకు ఆగేదాకా ఆగాడు. ఆగాక మధ్యవేలికి పెట్టాడు.

ఈసారి కేక షెల్టరంతా వినపడింది. అత్త కొంగు విప్పుకుని, ఆదిశేషమ్మ వైపు చూసి, “చాలా? లేకపోతే కాలికి కూడా పెట్టించుకోమంటావా?” అంది. జనం నవ్వారు. ఇంటికి వస్తూ అత్త హుషారుగానే ఉంది. “రెండు వేళ్లు కాలితే కాలినాయి. రేపు పోయి గిన్నె లాక్కున్న ఆ మహాతల్లికి చెప్తా,” అని నాతో అంది.

ఆ పుండ్లు మానలేదు. వెన్న పూసింది, పసుపు పూసింది. మామూలు మనిషికి పది రోజుల్లో మానే బొబ్బలు సంక్రాంతి దాటినా అలాగే ఉన్నాయి. మధ్యవేలిది లోతైంది. చూపుడువేలి కొన ముందు బూడిద రంగుకు తిరిగి, తర్వాత నల్లబడి, ఎండిన చేప తోకలా గట్టిపడింది. రాత్రిళ్లు నొప్పికి చెయ్యి గుండెల మీద పెట్టుకుని కూర్చునేది. మా పల్లెకు మాత్రం నొప్పి కనపడలేదు, నల్లటి వేలు కనపడింది. వేళ్లు రాలుతున్నాయంటే ఇంకేముంది అన్నారు. బీడీ పెట్టినప్పుడు అరిచిన సంగతి ఎవరికీ గుర్తు లేదు. బీడీ పెట్టిన సంగతి కూడా.

మాఘమాసంలో దురాయి పెట్టారు. ఒడ్డున అంకాలమ్మకు ఎవరూ చేప అమ్మకూడదు. ఆమె గంప ఉన్న ఆటోలో ఇంకొకరి గంప పెట్టకూడదు. జబ్బు అంటుకునేది కాదని నెల్లూరు పెద్ద డాక్టరు చేత కాగితం తెస్తే అప్పుడు ఎత్తేస్తారు. మామ పడవలో పడిన చేపను కూడా అత్త ముట్టకూడదు.

“నేనేం చేయాల? పడవలో నలుగురుం ఉండాం,” అన్నాడు మామ. ఆ రోజు నుంచి తన తమ్ముడి ఇంట్లో తిన్నాడు. పడుకోను మాత్రం వచ్చేవాడు, వరండాలో.

కాగితం తేవడానికి అత్త నన్ను తీసుకుపోయింది. నేను తొమ్మిదో తరగతిలో బడి మానేశాను గానీ ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనే. నెల్లూరు ఆసుపత్రిలో చర్మం డాక్టరు చూసి, ఇది నా ఒక్కదాంతో అయ్యేది కాదని, కీళ్ల జబ్బులు చూసే డాక్టర్ ప్రత్యూష దగ్గరికి పంపింది. చిన్న వయసామె. అత్త కుర్చీలో కూర్చోకముందే చెయ్యి చాపి, “కుష్టు కాదని కాయితం ఇయ్యండమ్మా, పోతాను,” అంది.

“ఇస్తాను. ముందు చూడనీ. కళ్లు మూసుకో అమ్మా,” అంది డాక్టరు.

అత్త చేతులు రెండూ చంకల్లో దాచుకుంది. కళ్లు మూసుకోమంటే ఎందుకంత భయపడిందో డాక్టరుకు అర్థం కాలేదు. సన్నటి నైలాను దారం చూపించి, దీంతో ఊరికే తాకుతాను, ఎక్కడ తాకానో చెప్పు అంది. అత్త అన్నీ సరిగ్గా చెప్పింది. డాక్టరు మోచేతుల దగ్గర నరాలు తడిమింది, ఒళ్లంతా మచ్చల కోసం చూసింది.

“కుష్టు కాదు. స్పర్శ పోలేదు, నరాలు ఉబ్బలేదు. అనుమానం లేకుండా చర్మం కొంచెం గీకి కూడా పరీక్షకు పంపుతాను. కుష్టు అయినా మందులతో పోయేదే, మనిషిని తరిమేసే జబ్బు కాదది. ఈ వేలికి ఏమైంది?”

“పొయ్యి కాడ కాలిందమ్మా.”

“రెండు వేళ్లకూ? ఇంత గుండ్రంగా?”

అత్త నా వైపు చూసింది. నేను నేల చూశాను. తిరిగి బతకాల్సింది ఆ పల్లెలోనే.

డాక్టరు ఆ సంగతి అక్కడితో వదిలేసింది. వేళ్లు రంగులు మారడం ఎప్పటి నుంచని అడిగింది. తొమ్మిదేళ్లంటే రాసుకుంది. చేతి చర్మాన్ని చిటికెతో పైకి లేపబోతే లేవలేదు. మూడు వేళ్లు నిలువుగా పేర్చి నోట్లో పెట్టుకోమంది. అత్తకు రెండు కూడా పట్టలేదు. గోరు మొదట్లో ఒక చుక్క నూనె వేసి, చిన్న కెమెరా ఆనించి, తెర మీద చూపించింది. మంచి చేతికి సన్నని రక్తనాళాలు దువ్విన జుట్టులా వరసగా ఉంటాయట. అత్త గోటి దగ్గర కొన్ని ఉబ్బి మెలికలు తిరిగి ఉన్నాయి, కొన్నిచోట్ల ఏమీ లేకుండా ఖాళీగా ఉంది. తర్వాత వీపు మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నది. ఆమె మొహం అప్పుడు మారింది.

నాలుగుసార్లు తిరిగాం. రక్తం తీశారు, మూత్రం పట్టారు, గుండెకు స్కానింగు చేశారు, ఊపిరితిత్తులకు పెద్ద స్కానింగు చేశారు. గొట్టంలోకి ఊదే పరీక్ష ఒకటుంది. అత్త పెదాలు గొట్టం చుట్టూ మూసుకోలేదు. గాలి పక్కల నుంచి పోయింది. “గట్టిగా పట్టుకోవాలమ్మా, ఇంత వయసొచ్చి ఊదడం రాదా?” అని నర్సు కసిరి, చివరికి తన వేళ్లతోనే ఆమె పెదాలను గొట్టానికి అదిమి పట్టింది. బయటికొచ్చాక పెదవి చివర చిట్లి రక్తం వచ్చింది.

చివరి రోజు డాక్టరు కాగితాలన్నీ ముందు పరుచుకుని నెమ్మదిగా చెప్పింది. జబ్బు పేరు సిస్టెమిక్ స్క్లెరోసిస్. ఒంటిని కాపాడాల్సిన రక్తకణాలే ఒంటి మీదకు తిరగబడతాయి. రక్తనాళాలు సన్నబడతాయి, చర్మం గట్టిపడుతుంది. పైకి కనపడేది చర్మం, లోపల ఆహారం పోయే గొట్టం, ఊపిరితిత్తులు కూడా గట్టిపడతాయి. అత్త ఊపిరితిత్తుల అడుగున అప్పటికే మచ్చ కట్టడం మొదలైంది. పూర్తిగా పోగొట్టే మందు లేదు. ముదరకుండా ఆపడానికి ఉన్నాయి. చలికి రక్తనాళాలు మూసుకోకుండా ఒక మాత్ర, కడుపు మంటకు ఒకటి, ఊపిరితిత్తులకు రోజూ వేసుకోవాల్సినవి. వాటికి మధ్య మధ్య రక్తపరీక్ష. చూపుడువేలి కొన చచ్చిపోయింది, ఎండి అదే రాలుతుంది, లాగకూడదు. వారం వారం బీపీ చూసుకోవాలి. ఒక్కసారిగా పెరిగితే కిడ్నీలు పోతాయి, ఆ రోజే రావాలి. నొప్పులకని ఊళ్లో ఎవరి చేతా సూది వేయించుకోకూడదు. బీడీ పొగ దగ్గరికి రానివ్వకూడదు.

అత్త అంతా విని, “కాయితం ఇస్తారా అమ్మా?” అంది.

డాక్టరు అలసటగా కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. మా ఊళ్లో చదవాలి కాబట్టి తెలుగులోనే రాసింది. ఈమెకు కుష్టు లేదు, ఈ జబ్బు ఎవరికీ అంటదు, ఈమె ముట్టినవి తినొచ్చు, పక్కన కూర్చోవచ్చు. అది మొదటిది. కింద ఇంకొకటి రాసింది. ఈమె ఐసు, చల్లటి నీళ్లు ముట్టకూడదు, ఐసులో పని చేస్తే మిగతా వేళ్లు కూడా పోతాయి. సంతకం పెట్టి ముద్ర వేసింది.

బస్సులో ఆ రెండోది చదివి వినిపిస్తే అత్త కిటికీలోంచి చూస్తూ ఉండిపోయింది. ఇందుకూరుపేట దాటాక నా వైపు తిరిగింది.

“కాపుల కాడ మొదటిదే చదువు పాపా.”

“అత్తా, డాక్టరమ్మ...”

“డాక్టరమ్మ వచ్చి నాకు గంజి పోస్తదా? గ్లౌజులు తొడుక్కుంటా. లోపల గుడ్డ చుట్టుకుంటా. చేప లేకపోతే నేనెవురినే? నీ మామ ఎట్టనూ రాడు. ఆ ఊళ్లు కూడా పోతే ఇంకేం ఉండాది నాకు? మొదటిది చదివి మడిచి పెట్టేయి. నీకు ఎట్టనూ నోరు పెద్దగా లేవదు, ఎవురూ అనుమానపడరు.”

నేను సరేనన్నాను.

ఆ సాయంత్రం తుఫాను షెల్టరు వరండాలో అందరూ చేరారు. మెట్లు మూడే. అత్త మూడు మెట్లెక్కి గోడ పట్టుకుని నిలబడింది. పక్కనే ఉన్నాను కాబట్టి ఆమె ఊపిరి వినపడుతోంది. మొదటిది చదివాను. అక్షరం తప్పకుండా చదివాను. మస్తానయ్య కాగితం తీసుకుని ముద్ర చూసి, తిరిగి నా చేతికిచ్చాడు.

“సరే. అంటేది కాదని రాసినారు గనక దురాయి ఎత్తేస్తుండాం. అయిపోయిందా పాపా?”

అత్త అప్పటికే కొంగు సర్దుకుంటోంది. ఆమె మొహం సాగదు కాబట్టి సంతోషం కళ్లలో మాత్రమే కనపడింది. నేను కాగితం మడవాలి. తెర మీద చూసిన ఖాళీ జాగాలు గుర్తొచ్చాయి. ఆ మూడు మెట్లకు వచ్చిన ఆయాసం ఇంకా తగ్గలేదు.

“ఇంకొకటుండాది,” అన్నాను.

అంతమంది ముందు నేనుగా మాట్లాడటం అదే మొదలు. వినపడలేదని ముందు వరసవాళ్లు ముందుకు వంగారు. చదివాను. చదువుతున్నంతసేపూ అత్త వైపు చూడలేదు.

తర్వాత మస్తానయ్య పెద్దగా ఊపిరి వదిలి, బీడీ కట్ట కోసం జేబు తడుముకున్నాడు.

“మాది ఎత్తేసినాం అంకాలూ. డాక్టరమ్మ పెట్టిందాన్ని మేమెట్టా ఎత్తేది?”

వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వుతో అందరికీ తేలికైపోయింది. తప్పు ఇప్పుడు నెల్లూరులో ఉంది.

“ఐసు లేకుండా అమ్ముకుంటా,” అంది అత్త.

“మధ్యాన్నానికి ఊరంతా కంపు కొడతది గదక్కా. ఉన్న పేరు కూడా పోతది,” అంది ఆదిశేషమ్మ. ఆమె గొంతులో కోపం లేదు, దయగానే అంది. “ఆ ఊళ్లవాళ్లు చేప లేదని అడుగుతుండారు. నేను పోనా మరి?”

“రెండు నెలల నుంచీ పోతానే ఉండావు గదమే. ఇప్పుడు అడుగుతుండావా?”

మెట్లు దిగేటప్పుడు చెయ్యి పట్టుకోబోతే అత్త విదిలించుకుంది. “నోరు లేనిదానివనుకున్నా,” అంది.

మర్నాడు తెల్లారే ఆమె ఒడ్డుకు పోయింది. ఎవరూ ఆపలేదు. అత్త చేతులకు మామ పాత బనీను ముక్కలు చుట్టుకుని, పైన రబ్బరు గ్లౌజులు తొడుక్కుంది. మామ పడవ వచ్చింది. కానాగంత చేపలు బాగా పడ్డాయి. ఆమె తట్ట ముందుకు తోస్తే మామ పక్కకు జరిపాడు. “డాక్టరు వద్దనింది గదా,” అన్నాడు. చేప మొత్తం ఆదిశేషమ్మ పాడుకుంది. ఇదివరకు మామకు ఒక్క భయమే ఉండేది. ఇప్పుడు చెప్పుకోను ఒక కారణం కూడా దొరికింది. దురాయి పోయినా ఆయన తమ్ముడి ఇంట్లోనే తింటున్నాడు.

అత్త మందులు మానలేదు. ఎండల్లో కూడా చేతులకు మేజోళ్లు తొడుక్కుని గడప దగ్గర కూర్చుంటుంది. ఐసుకు దూరమయ్యాక మధ్యవేలి పుండు మూడు నెలలకు మూసుకుంది. ఆయాసం పెరగలేదని డాక్టరు సంతోషించింది. వైశాఖంలో ఒక రోజు కట్టు మారుస్తుంటే చూపుడువేలి కొన గుడ్డతో పాటు ఊడి వచ్చింది. రక్తం రాలేదు. అత్త దాన్ని అరచేతిలో పెట్టుకుని చూసి, పొయ్యిలో వేసి, చెయ్యి నా ముందుకు చాపింది, కట్టు పూర్తి చెయ్యమన్నట్టు. నాతో మాట మాత్రం లేదు. కాగితం చదివిన రోజు నుంచీ లేదు.

ప్రతి సోమవారం ఆశా కార్యకర్త దగ్గర బీపీ మిషను అడిగి తెచ్చి చూస్తాను. పట్టీ చుట్టేటప్పుడు అత్త మొహం అటు తిప్పుకుంటుంది. పోయిన సోమవారం కూడా అలాగే తిప్పుకుంది. మిషను బిగుసుకుని, వదిలి, అంకెలు చూపించింది. నూట ఇరవై ఎనిమిది, ఎనభై నాలుగు అని చదివి, నోటుబుక్కులో రాశాను. అప్పుడు ఆమె ఇటు తిరిగింది.

“ఇంతేనా?” అంది. “ఇంకొకటేమన్నా ఉండాదా?”

“లేదత్తా.”

“సరిగ్గా చూడు. నువ్వు దాచేదానివి కాదుగా,” అని పట్టీ తనే పీక్కోబోయింది. బిగిసిన వేళ్లకు అది రాలేదు. నేను విప్పేదాకా చెయ్యి చాపుకునే కూర్చుంది.